వచ్చిపోయే ఇన్ఫెక్షన్, పాతుకుపోయే ఇన్ఫెక్షన్

“కడుపులో ఇన్ఫెక్షన్ ఉంది” అని డాక్టరు అనగానే ఈమధ్య చాలామంది నోట వస్తున్న ప్రశ్న ఒకటే: “ఇది ముదిరితే క్యాన్సర్ అవుతుందా?” యాభై ఏళ్ల కిందటైతే ఈ ప్రశ్నను వైద్యులే కొట్టిపారేసేవాళ్లు. ఇప్పుడు కొట్టిపారేయడానికి లేదు. అలాగని బేదులు పట్టుకున్న ప్రతిసారీ గుండెలు బాదుకోవాల్సిన పనీ లేదు. ఈ రెండింటి మధ్య నిజం ఎక్కడుందో తేల్చుకోవడం రేణిగుంట లాంటి ఊరికి చాలా అవసరం.

ముంబై–చెన్నై లైను, గూడూరు లైను, తిరుపతి మీదుగా కాట్పాడి పోయే లైను కలిసే జంక్షన్ ఇది. విమానాశ్రయమూ ఇక్కడే. తిరుమల కొండకు పోయే యాత్రికులు రాత్రీపగలూ దిగుతుంటారు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాక చుట్టుపక్కల పల్లెల నుంచి, దూరపు ఊళ్ల నుంచి వచ్చిన యువతీయువకులు హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటున్నారు. తిండి క్యాంటీన్లోనో టిఫిన్ బండి దగ్గరో. తాగేది 20 లీటర్ల క్యాన్ నీళ్లు. ఇంతమంది బయటి వంట మీద ఆధారపడి బతికే చోట కడుపు జబ్బులు ఎప్పుడూ ఉండేవే.

ఈ విషయం మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలను వరసగా పెట్టి చూస్తే నాకు బలంగా అనిపించేది ఇది: వచ్చి నాలుగు రోజుల్లో పోయే ఇన్ఫెక్షన్ వేరు, పోయినట్టే పోయి లోపల పాతుకుపోయే ఇన్ఫెక్షన్ వేరు. క్యాన్సర్‌తో గట్టి సంబంధం బయటపడింది రెండో రకానికే. మన దురదృష్టం ఏమిటంటే, మొదటి రకానికి మనం తొందరపడి చేసుకునే వైద్యం రెండో రకాన్ని వదిలించుకోవడం కష్టం చేస్తోంది. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

తిరుగులేని రుజువున్న బాక్టీరియా హెలికోబ్యాక్టర్ పైలోరి. జీర్ణాశయంలోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ నిలవదని అందరూ నమ్ముతున్న కాలంలో, 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టుకు జీర్ణాశయపు ముక్కల్లో వంకర బాక్టీరియా కనిపించింది. బ్యారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశాడు. 1982 ఈస్టర్ సెలవుల్లో, మామూలుగా రెండు రోజులకే పారేసే ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో అలాగే ఉండిపోయాయి. వాటి మీదే ఆ బాక్టీరియా మొదటిసారి పెరిగింది. ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను కలిపిన ద్రవాన్ని స్వయంగా తాగి, కొద్ది రోజుల్లోనే జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికే, 1994లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని మొదటి వర్గం క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. పొగాకు ఉన్న వర్గమే అది. ఆ వర్గంలో చేరిన బాక్టీరియా ఇప్పటికీ ఇదొక్కటే.

2018 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో 22 లక్షలు ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చినవే. అంటే మొత్తంలో దాదాపు 13 శాతం. వాటిలో ఒక్క పైలోరి వాటాయే 8 లక్షల పైచిలుకు. కాలేయ వైరస్‌లు, గర్భాశయ ముఖద్వారపు వైరస్ దీని తర్వాతే.

ఇది ఎలా జరుగుతుంది? ఈ బాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేసుకుంటుంది. అది యూరియాను అమ్మోనియాగా మార్చి, చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. అలా రక్షణ కల్పించుకుని జీర్ణాశయం లోపలి జిగురు పొరలో ఉండిపోతుంది. కొన్ని రకాలు క్యాగ్-ఏ అనే ప్రోటీన్‌ను మన కణాల్లోకి సూదితో ఎక్కించినట్టు ఎక్కిస్తాయి. ఏళ్ల తరబడి వాపు, ఆ తర్వాత లోపలి పొర పలచబడడం, పేగు కణాల లాంటివి జీర్ణాశయంలో మొలవడం, చివరికి కొద్దిమందిలో క్యాన్సర్. కొలంబియాలో పుట్టిన పెలాయో కొర్రియా వివరించిన ఈ వరసకు పట్టే కాలం దశాబ్దాలు. ఇన్ఫెక్షన్ ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుతుంది. నలభైల్లో బయటపడే జబ్బుకు పునాది నాలుగో ఏట పడి ఉండవచ్చు.

ఎండోస్కోపీ గదిలో యూరియేజ్ చేసే పనిని కళ్లతో చూడొచ్చు. డాక్టరు జీర్ణాశయం గోడ నుంచి బియ్యపుగింజ కన్నా చిన్న ముక్క తీసి, పసుపు రంగు జెల్ ఉన్న గుంటలో గుచ్చి మూతేస్తారు. ఆ జెల్‌లో యూరియా ఉంటుంది. ముక్కలో పైలోరి ఉంటే అమ్మోనియా పుట్టి పసుపు కాస్తా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఒక్కోసారి నిమిషాల్లోనే, ఒక్కోసారి గంటలు పడుతుంది. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేని పరీక్ష ఇది. కానీ ‘గ్యాస్ మాత్ర’ వేసుకుంటూ వెళ్లినవాళ్లలో రంగు మారకపోవచ్చు. పాంటాప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మందులు పరీక్షకు 2 వారాల ముందు, యాంటీబయాటిక్‌లు 4 వారాల ముందు ఆపాలి. ఆ సంగతి ఎవరూ చెప్పక, రోజూ పరగడుపున మాత్ర మింగుతూ పరీక్షకు పోయి, ఏమీ లేదన్న కాగితంతో నిశ్చింతగా ఇంటికి వచ్చేవాళ్ల గురించి నాకు చాలా బెంగ.

పైలోరి ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్ రాదు. వందలో ఒకరి నుంచి ముగ్గురికి మాత్రమే వస్తుంది. హైదరాబాదులో జరిపి 1991లో అచ్చయిన ఒక రక్త పరీక్షల సర్వేలో ప్రతి 10 మందిలో దాదాపు 8 మందికి ఈ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. అదే నగరంలో తర్వాత జరిగిన ఇంకో పరిశీలనలో కుళాయి నీళ్లు తాగేవాళ్ల కన్నా బావి నీళ్లు తాగేవాళ్లలో ఎక్కువగా కనిపించింది. ఇంతమందిలో ఉన్నా, జీర్ణాశయ క్యాన్సర్ మన దేశంలో సగటున జపాన్, కొరియాల కన్నా ఎన్నో రెట్లు తక్కువ. వైద్యులు దీన్ని ‘భారతీయ చిక్కుప్రశ్న’ అంటారు. బాక్టీరియా రకం తేడా కావచ్చు. హైదరాబాదు శాస్త్రవేత్తలు 2007లో మన దగ్గరి పైలోరి జన్యువులను చదివి, వాటి మూలాలు యూరప్ రకాలతో కలుస్తున్నాయని చూపించారు; తూర్పు ఆసియాలో తిరిగే క్యాగ్-ఏ రకం మరింత దుడుకైనది. ఉప్పు, పొగాకు, తిండి, వంశం, ఆయుర్దాయం అన్నీ కలిసే ఈ తేడా తెచ్చి ఉంటాయి.

అయితే ఈ ‘చిక్కుప్రశ్న’ అన్న మాటతో మనం మరీ ఊరట పడుతున్నామేమోనని నా అనుమానం. సగటు అంకె చాలా విషయాలను కప్పేస్తుంది. మిజోరంలో ఈ క్యాన్సర్ దేశంలోనే అత్యధికం; పొగలో ఆరబెట్టి ఉప్పు పట్టించిన మాంసం, పొగాకు పొగ పట్టించిన నీళ్లు అక్కడి అలవాట్లు. మన పక్కనే ఉన్న చెన్నై, బెంగళూరు క్యాన్సర్ రిజిస్ట్రీల్లో మగవాళ్లకు వచ్చే ముఖ్యమైన క్యాన్సర్లలో జీర్ణాశయానిది ఎప్పటినుంచో చోటుంది. రేణిగుంట ఆ రెండు నగరాల మధ్యనే ఉంది. తిండీ తీరూ పెద్దగా వేరు కాదు. 2025లో వచ్చిన ఒక అంతర్జాతీయ అంచనా ఇంకాస్త గట్టిగా హెచ్చరిస్తోంది. 2008–2017 మధ్య పుట్టిన పిల్లల్లో, ఇప్పటి పరిస్థితే కొనసాగితే, ప్రపంచం మొత్తం మీద 1.56 కోట్ల మందికి జీవితకాలంలో జీర్ణాశయ క్యాన్సర్ వస్తుందట. అందులో 76 శాతం పైలోరి వల్ల. మూడింట రెండు వంతులు ఆసియాలోనే. రేటు తక్కువైనా జనం ఎక్కువ కాబట్టి మన వాటా చిన్నదేమీ కాదు.

దీన్ని ఆపొచ్చని రుజువులున్నాయి. తైవాన్‌కు చెందిన మాత్సు దీవుల్లో 2004 నుంచి ఊరంతటికీ పరీక్షలు చేసి మందులిచ్చారు. జీర్ణాశయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. కొరియాలో దగ్గరి బంధువుల్లో ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లకు బాక్టీరియా చికిత్స ఇచ్చి చూసిన ఫలితాలు 2020లో వచ్చాయి. అక్కడా ముప్పు సగానికి పైగా తగ్గింది. మాల్ట్ లింఫోమా అనే అరుదైన జీర్ణాశయ క్యాన్సర్ తొలిదశలో ఉంటే చాలామందిలో యాంటీబయాటిక్‌లతోనే మాయమవుతుంది. క్యాన్సర్‌కు కీమో కాకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం 1990లలో వైద్యులను నివ్వెరపరిచిన విషయం.

ఇందాక మళ్లీ వస్తానన్న సంగతి ఇక్కడిదే. మన దగ్గర బేదులు పట్టుకుంటే చాలామంది మొదట పోయేది మెడికల్ షాపుకు. “అన్నా, మోషన్స్ అవుతాండాయి, రెండు మాత్రలియ్యి” అంటే చాలు, ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రో, మెట్రోనిడజోలో చేతిలో పడుతుంది. రెండు పూటలు వేసుకుని, తగ్గగానే ఆపేస్తారు. అలాంటి బేదుల్లో చాలావాటికి ఓఆర్‌ఎస్, పలచటి మజ్జిగ, విశ్రాంతి సరిపోతాయి. ఆ మాత్రలు వేసుకున్న ప్రతిసారీ జీర్ణాశయంలో ఏళ్లుగా ఉన్న పైలోరి వాటికి అలవాటుపడే అవకాశం పొందుతుంది. ఇదే మెట్రోనిడజోల్ పైలోరి చికిత్సలో ముఖ్యమైన మందు. మన దేశంలో పైలోరి దానికి బాగా లొంగకుండా పోయింది; క్లారిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్‌లకూ నిరోధకత పెరుగుతోంది. అందుకే 7 రోజుల మందులతో పోయే కాలం అయిపోయి, బిస్మత్‌తో సహా నాలుగు మందులు 14 రోజులు వాడాల్సి వస్తోంది. నాలుగో రోజుకు నోరు చేదెక్కి, మలం నల్లబడి, చాలామంది మానేస్తారు. బిస్మత్ వల్ల మలం నల్లబడడం మామూలే అని ముందే చెప్తే మానరు. మందులు అయిపోయిన 4 వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకుంటేనే పోయిందో లేదో తెలిసేది.

ఎవరు పరీక్ష చేయించుకోవాలి? అల్సర్ వచ్చినవాళ్లు, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో జీర్ణాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లు, కారణం తెలియకుండా ఐరన్ తగ్గుతున్నవాళ్లు, ఏళ్ల తరబడి ఆస్పిరిన్ వాడాల్సినవాళ్లు. బిస్మత్ గానీ ఐరన్ మాత్రలు గానీ వాడకుండానే మలం తారులా నల్లగా రావడం, రక్తపు వాంతి, మింగడం కష్టం కావడం, బరువు తగ్గిపోవడం, నలభై దాటాక కొత్తగా మొదలై తగ్గని కడుపుమంట ఉన్నవాళ్లు గ్యాస్ ట్రబుల్ అని సర్దుకోకుండా ఎండోస్కోపీకి పోవాలి.

పాతుకుపోయే ఇన్ఫెక్షన్లలో రెండోది టైఫాయిడ్. ఇక్కడ రుజువు పైలోరి అంత గట్టిది కాదు గానీ, ఎంతో చెబుతుంది. సాల్మొనెల్లా టైఫి అనే ఈ బాక్టీరియా జ్వరం తగ్గాక కూడా వందలో ఇద్దరి నుంచి ఐదుగురిలో మిగిలిపోతుంది. దాగేది పిత్తాశయంలో, అంటే గాల్‌బ్లాడర్‌లో. అక్కడ రాళ్లుంటే వాటి మీద జిగురు పొరగా పేరుకుంటుంది. ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగా చొరబడదు. మనిషి ఆరోగ్యంగానే తిరుగుతుంటాడు, మలంలో మాత్రం బాక్టీరియా పోతూనే ఉంటుంది. న్యూయార్క్‌లో ఇళ్లలో వంట చేసిన మేరీ మలన్ కథ 1907లో బయటపడింది ఇలాగే. ఇలాంటి వాహకుల్లో పిత్తాశయ క్యాన్సర్ మామూలు జనం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని 1979 నుంచి పరిశోధనలు చెబుతున్నాయి.

నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అత్యంత విలువైన పరిశీలన స్కాట్లండ్‌లోనిది. 1964లో అబర్డీన్ నగరంలో డబ్బా మాంసం వల్ల 400 మందికి పైగా టైఫాయిడ్ వచ్చింది. జబ్బు వచ్చి పూర్తిగా నయమైన వీళ్లనూ, ఏళ్ల తరబడి వాహకులుగా మిగిలిన వేరే వాళ్లనూ పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించి 1994లో ఫలితాలు ప్రకటించారు. వాహకుల్లో పిత్తాశయ క్యాన్సర్ విపరీతంగా ఎక్కువ. నయమైనవాళ్లలో ఏ పెరుగుదలా లేదు. అదే బాక్టీరియా, అదే జబ్బు. తేడా అల్లా అది లోపల మిగిలిందా, పోయిందా అన్నదే.

మన దేశంలో ఈ క్యాన్సర్ గంగా మైదానంలో ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. టైఫాయిడ్ మాత్రం ఇక్కడా తక్కువేమీ కాదు. చిత్తూరు జిల్లా జనం తరతరాలుగా వైద్యానికి పోయే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నడిపించి 2023లో ప్రకటించిన అధ్యయనంలో వేలూరు, ఢిల్లీ, కోల్‌కతా పట్టణ ప్రాంతాల్లో ఏటా లక్ష మంది పిల్లల్లో 576 నుంచి 1,173 టైఫాయిడ్ కేసులుంటాయని తేలింది. పుణె దగ్గరి పల్లెల్లో ఆ సంఖ్య 35 మాత్రమే. అంటే ఇది ఇరుకైన పట్టణాల జబ్బు. రేణిగుంట పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ఊరు. ఉత్తరాదితో పోలిస్తే ఇక్కడ పిత్తాశయంలో రాళ్లు తక్కువ కావడం మనల్ని కొంత కాపాడుతుండవచ్చు.

ఇక్కడొక అడ్డంకి ఉంది. మూడు రోజుల జ్వరానికి ఒక్క విడాల్ పరీక్ష రాసి, పాజిటివ్ అని టైఫాయిడ్ మందులు ఇచ్చేయడం మన వైపు మామూలైపోయింది. పాత ఇన్ఫెక్షన్ ఉన్నా, టీకా వేసుకున్నా విడాల్ పాజిటివ్ రావచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీసిన రక్తంతో కల్చర్ చేస్తేనే నిజం తెలుస్తుంది. లేని టైఫాయిడ్‌కు మందులు పడుతున్నాయి, ఉన్న టైఫాయిడ్‌కు సగం మందులే పడుతున్నాయి.

నివారణ మన చేతుల్లోనే ఉండడం నాకు ఆశ కలిగిస్తుంది. రేణిగుంటలో చెన్నై రైలెక్కితే దారిలో తగిలే తిరుత్తణి ప్రాంతంలో పుట్టిన ఎల్లా కృష్ణ హైదరాబాదులో స్థాపించిన భారత్ బయోటెక్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన మొట్టమొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను తయారుచేసింది. ఆ ఆమోదం 2017 డిసెంబరులో వచ్చింది. ఆరు నెలలు దాటిన పిల్లలకూ ఇది వేయొచ్చు. నేపాల్, మలావి దేశాల్లో పిల్లల మీద జరిపిన పరీక్షల్లో 80 శాతం పైగా రక్షణ ఇచ్చింది. పాకిస్తాన్ 2019లో, నేపాల్ 2022లో దీన్ని తమ జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చుకున్నాయి. వాహకులను తగ్గించే దారి టైఫాయిడ్‌నే తగ్గించడం కాబట్టి, ఈ టీకాను ఒక క్యాన్సర్ నివారణ టీకాగా కూడా చూడొచ్చని నా అభిప్రాయం. ఆహార భద్రతా నిబంధనల్లోనూ, వంటవాళ్లకు, వడ్డించేవాళ్లకు ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ తరహా జబ్బులకు టీకా ఉండాలని రాసే ఉంది. ఫ్యాక్టరీ క్యాంటీన్లు, స్టేషన్ చుట్టూ ఉన్న హోటళ్లు ఇన్ని ఉన్న ఊళ్లో ఆ ఒక్క నిబంధనను సరిగా అమలు చేస్తే చాలా తేడా వస్తుంది.

ఇక పెద్దపేగు. పరిశోధనలు ఇప్పుడు జోరుగా సాగుతున్నదీ, వార్తలు ఎక్కువ భయపెడుతున్నదీ ఇక్కడే. మనందరి పేగుల్లో ఉండే ఈ-కొలైలో కొన్ని రకాలు కొలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయని 2006లో తెలిసింది. ఆ విషం డీఎన్ఏ మీద తనదైన ముద్ర వేసిపోతుందని 2020లో చూపించారు. 2025లో 11 దేశాల నుంచి 981 పెద్దపేగు క్యాన్సర్ల జన్యువులను చదివి చూస్తే, 70 దాటినవాళ్ల కన్నా 40 లోపు వాళ్లలో ఆ ముద్ర 3.3 రెట్లు ఎక్కువగా కనిపించింది. చిన్నతనంలోనే పడిన దెబ్బ కావచ్చునని పరిశోధకుల అంచనా. ఆ 11 దేశాల్లో మన దేశం లేదు. నోటిలో, చిగుళ్ల దగ్గర ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం 2012 నుంచి పెద్దపేగు కణితుల్లో దొరుకుతూ ఉంది. కణితికి కారణమా, కణితి పుట్టాక వచ్చి చేరిందా అన్నది ఇంకా తేలలేదు. గుండె కవాటాలకు స్ట్రెప్టోకాకస్ గాలొలిటికస్ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు కొలొనోస్కోపీ చేయించాలన్న నియమం మాత్రం ఎప్పటినుంచో ఉంది. వాళ్లలో దాగి ఉన్న పెద్దపేగు కణితులు తరచూ బయటపడతాయి.

మామూలు ఫుడ్ పాయిజన్‌లో తగిలే సాల్మొనెల్లా సంగతి? నెదర్లాండ్స్ వాళ్లు 2018లో దేశవ్యాప్త రికార్డులు కలిపి చూస్తే, 20–60 ఏళ్ల మధ్య తీవ్రంగా ఆ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో పెద్దపేగు కుడివైపు క్యాన్సర్ కొంత ఎక్కువ కనిపించింది. ఆలోచించాల్సిన విషయమే. కానీ ల్యాబ్ దాకా వెళ్లి నమోదైన తీవ్రమైన కేసులవి. ఒక పూట పానీపూరీ పడక వాంతులైనవాళ్లకు దీన్ని అంటగట్టకూడదు. స్వీడన్‌లో 40 వేల పైగా పెద్దపేగు క్యాన్సర్ కేసులను పరిశీలించి 2021లో రాసిన పత్రమైతే యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడినవాళ్లలోనూ అదే కుడివైపు ముప్పు కాస్త ఎక్కువని చెప్పింది. షాపు మాత్రల అలవాటు మీద నా కోపానికి ఇది రెండో కారణం.

ఈ ప్రశ్నలకు మన నేల మీద జవాబు వెతికే వసతి తిరుపతి చుట్టుపక్కలే ఉంది. స్విమ్స్ ఆసుపత్రి ఉంది. రుయా ఆసుపత్రి, ఎస్వీ మెడికల్ కాలేజీ ఉన్నాయి. అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరుచుకుంది. ఏర్పేడు దగ్గర ఐసర్, ఐఐటీ ఉన్నాయి. ఇవి కలిసి చేయగల పనుల్లో ఒకటి చాలా తేలిక. తిరుపతి ఆసుపత్రుల్లో రాళ్ల కోసం తీసేసే పిత్తాశయాలు ఎలాగూ బయాప్సీకి పోతాయి. తీసేటప్పుడే చెంచాడు పిత్తరసం కల్చర్‌కు, జన్యు పరీక్షకు పంపాలి. ఆ రోగికి గతంలో టైఫాయిడ్ వచ్చిందా, ఏ నీళ్లు తాగుతారు, ఏ పని చేస్తారు అని అడిగి రాసుకోవాలి. టైఫి దొరికితే పూర్తి మోతాదులో మందులిచ్చి, మలపరీక్షలు వరసగా నెగెటివ్ వచ్చేదాకా చూడాలి. ఆ రోగి ఏ హాస్టల్లోనో వంట చేసే మనిషైతే, అంతదాకా జీతం పోకుండా వంటగది బయట పని ఇప్పించాలి.